ఇద్దరు ద్రౌపదులు, ఒకే తీర్పు: సౌప్తిక సంహారానంతర ప్రతిక్రియా చర్చ

ప్రవేశిక

నిద్రిస్తున్న శిబిరంపై అర్ధరాత్రి జరిగిన దాడిని భారతకథ యుద్ధపర్వాల్లో చేర్చలేదు. దానికి ప్రత్యేకంగా ఒక పర్వాన్ని కేటాయించి, నిద్రను సూచించే పేరు పెట్టింది. పద్దెనిమిదో నాటి సాయంకాలానికి దుర్యోధనుడు తొడలు విరిగి నేలకొరిగాడు. కౌరవపక్షంలో అశ్వత్థామ, కృపుడు, కృతవర్మ మాత్రమే మిగిలారు. జయాపజయాలు తేలిపోయిన తర్వాత, ఇక గెలవవలసిన రాజ్యమేదీ లేని వేళ జరిగిన సంహారం ఇది. అందువల్ల సౌప్తికపర్వం లేవనెత్తే ప్రశ్న యుద్ధనీతికి సంబంధించినది మాత్రమే కాదు. విజయం సాధించి రాజ్యభారం వహించబోతున్న పక్షం తన బిడ్డల్ని నిద్రలో చంపినవాడి పట్ల ఎలా ప్రవర్తించాలన్నది అసలు ప్రశ్న. ఉగ్రవాదానికి రాజ్యం ఎలా స్పందించాలన్న నేటి చర్చలో వినిపించే వాదాలు చాలావరకు ఈ పర్వంలోనే పాత్రల నోట వినిపిస్తాయి.

ఈ ఘట్టాన్ని తెలుగులో ఇద్దరు మహాకవులు రెండు భిన్న మూలాల ఆధారంగా చెప్పారు. 13వ శతాబ్దిలో తిక్కన భారత సౌప్తికపర్వాన్ని తెనిగించాడు. 15వ శతాబ్దిలో పోతన భాగవత ప్రథమస్కంధంలో అదే కథను మరో రూపంలో చెప్పాడు. భారతంలోని ద్రౌపది హంతకుని ప్రాణాన్ని కోరుతుంది. భాగవతంలోని ద్రౌపది అతణ్ణి విడిచిపెట్టమంటుంది. కోరికలు పరస్పర విరుద్ధమైనా రెండు కథల్లోనూ అమలైన శిక్ష ఒక్కటే: అశ్వత్థామ శిరస్సు నిలిచింది, శిరోమణి పోయింది. ఈ ఏకత్వం యాదృచ్ఛికం కాదనీ, ప్రతిక్రియాధర్మం గురించి రెండు కావ్యాలూ చేరిన ఉమ్మడి నిర్ణయమనీ ప్రతిపాదించడం ఈ వ్యాస లక్ష్యం.

ఒక జాగ్రత్త అవసరం. 'ఉగ్రవాది' ఆధునిక రాజనీతి పదం. దాన్ని అశ్వత్థామకు యథాతథంగా అంటగట్టడం చారిత్రక దోషం. పైగా అతడు మరణశయ్య మీది రాజు చేత సేనాపతిగా అభిషిక్తుడైనవాడు. భారతం ప్రకారం ఉపపాండవులు యుద్ధంలో పాల్గొన్న యోధులు. ఆ రాత్రి కూడా మేల్కొన్నవెంటనే ఆయుధం పట్టి ఎదిరించారు. కాబట్టి ఇక్కడ చేసే పోలిక వ్యక్తులకు సంబంధించినది కాదు. దాడి పద్ధతికీ, దాని తర్వాత తలెత్తిన ధర్మసందేహాలకూ సంబంధించినది.

గుడ్లగూబ పాఠం: కారణం, సమర్థన

మర్రిచెట్టు కింద నిద్రపట్టని అశ్వత్థామకు, కొమ్మలపై నిద్రిస్తున్న కాకుల్ని ఒక గుడ్లగూబ చంపుతున్న దృశ్యం కనబడుతుంది. అతడు దాన్ని ఉపదేశంగా గ్రహిస్తాడు. ఈ దృశ్యాన్ని విమర్శ సాధారణంగా దుశ్శకునంగానో, కథను ముందుకు నడిపే ఉపాయంగానో చూస్తుంది. అంతకన్న లోతైన సూచన ఇందులో ఉంది. ధనుర్వేదాన్ని సాక్షాత్తు ద్రోణుని వద్ద నేర్చినవాడు, చివరి పాఠాన్ని ఒక పక్షి దగ్గర నేర్చుకుంటున్నాడు. శాస్త్రం వదిలి అనుకరణకు దిగడం అతని పతనానికి తొలిమెట్టు.

కృపుడు వారిస్తాడు. నిద్రించినవారిని, ఆయుధం విడిచినవారిని చంపడం అధర్మమంటాడు. ధృతరాష్ట్రుణ్ణి, గాంధారిని, విదురుణ్ణి అడిగి నిర్ణయించుకుందామంటాడు. అశ్వత్థామ సమాధానం తీసిపారేయదగినది కాదు. శిఖండిని అడ్డుపెట్టుకుని భీష్ముణ్ణి పడగొట్టడం, ఆయుధం విడిచిన ద్రోణుణ్ణి చంపడం, రథచక్రం కుంగినప్పుడు కర్ణుణ్ణి కొట్టడం, నాభికి కింద గదతో ప్రహరించడం: ధర్మసేతువును ముందే నూరు ముక్కలు చేసినవారు పాండవులేనని అతని వాదం. ఈ ఆరోపణల్లో ఏ ఒక్కటీ కల్పితం కాదు. కావ్యం వాటిని వాటి వాటి చోట్ల దాచకుండా చెప్పింది.

భారతం ఇక్కడ చూపిన వివేకం గమనించదగినది. అశ్వత్థామ ఫిర్యాదును అబద్ధమని కొట్టివేయలేదు. ఫిర్యాదు నిజమైనందువల్ల అతని చేత ధర్మమైందనీ అనలేదు. కారణం వేరు, సమర్థన వేరు. ఉగ్రవాద చర్చ తరచు ఈ రెంటినీ కలిపివేస్తుంది. కారణాన్ని పరిశీలించేవారిని సమర్థకులుగా చూడటం ఒక పక్షం చేసే పొరపాటు. కారణం చూపి చేతను కడిగివేయాలనుకోవడం రెండో పక్షం చేసే పొరపాటు. అశ్వత్థామ మాట పూర్తిగా వినిపించి, అతని చేతను పూర్తిగా ఖండించిన కావ్యం ఈ రెండు పొరపాట్లకూ దూరంగా నిలిచింది.

కృపుని పాత్ర మరింత బాధాకరమైన పాఠం. ధర్మం తెలిసి, చెప్పి, వాదించి, చివరకు అతడు అశ్వత్థామ వెంట నడుస్తాడు. శిబిరద్వారం వద్ద నిలబడి, ప్రాణభీతితో బయటికి పరుగెత్తి వచ్చినవారిని కృతవర్మతో కలిసి నరుకుతాడు. హింసకు దిగే మనిషి పక్కనే వారించగల పెద్దమనిషి ఒకడు ఉంటాడు. అతని ఖండన మాటగానే మిగిలి ఆచరణలో సహకారంగా మారినప్పుడే శిబిరద్వారం మూసుకుపోతుంది. నివారణ గురించి ఆలోచించే సమాజం అశ్వత్థామల కన్న ముందు కృపులను పట్టించుకోవాలన్నది ఈ సన్నివేశం ఇచ్చే సూచన.

'ప్రమాదం' అనే మాట

దాడి వార్త ధృష్టద్యుమ్నుని సారథి ద్వారా ధర్మరాజుకు తెలుస్తుంది. ఆ రాత్రి పాండవులు, కృష్ణుడు, సాత్యకి శిబిరంలో లేరు. ఓఘవతీ నదీతీరంలో ఉన్నారు. గెలిచిన సైన్యం కాపలా లేకుండా నిద్రపోయింది. వ్యాసభారతంలో ధర్మరాజు విలాపం రెండు పాదాల మీద నడుస్తుంది: గెలిచినవారమై ఓడిపోయామన్న దుఃఖం, మనుషులకు ప్రమాదాన్ని మించిన మృత్యువు లేదన్న ఎరుక. మహాసముద్రం దాటివచ్చిన వర్తకులు చిన్న ఏటిలో మునిగిపోయినట్టుందని అతడు వాపోతాడు.

సంస్కృతంలో 'ప్రమాద' శబ్దానికి ఏమరుపాటు అని అర్థం. నేటి తెలుగు వాడుకలో అది అపాయమనే అర్థానికి, అనుకోని దుర్ఘటన అనే అర్థానికి మారింది. మొదటి అర్థంలో బాధ్యత మనిషిది. రెండో అర్థంలో బాధ్యత ఎవరిదీ కాదు. ధర్మరాజు ఈ మాటను మొదటి అర్థంలో అన్నాడు. పుత్రులను చంపినవాడి పేరు తెలిసి కూడా, అతడు ముందుగా తన కాపలా లోపాన్ని తలచుకున్నాడు. పాలకుడు తన ఏమరుపాటును ఒప్పుకోవడం శత్రువు నేరాన్ని తగ్గించదు. ఆ ఒప్పుకోలు లేనిచోట మాత్రం ప్రతిక్రియ మొత్తం ప్రతీకారంగా మారి, నివారణ మరుగున పడుతుంది. ప్రతి దాడి తర్వాతా చారవ్యవస్థ వైఫల్యాన్ని ప్రశ్నించడం దేశద్రోహమనే ధోరణి ధర్మరాజుకు తెలియదు.

భారత ద్రౌపది: శిరస్సు నుంచి మణికి

నకులుడు ఉపప్లావ్యం నుంచి ద్రౌపదిని తీసుకువస్తాడు. ద్రోణపుత్రుణ్ణి చంపకపోతే ప్రాయోపవేశం చేస్తానని ఆమె శపథం చేస్తుంది. అతని తలపై పుట్టుకతో ఉన్న మణిని తెచ్చి చూపితేనే బతుకుతానంటుంది. ధర్మరాజు మెత్తదనం తెలిసిన ఆమె, సభలోనూ విరాటుని కొలువులోనూ తనకు అండ అయిన భీమునివైపు తిరుగుతుంది. విరాటపర్వంలో కీచకుని వల్ల పొందిన అవమానాన్ని భీమునికి నివేదించే ద్రౌపదిని అంత బలంగా తీర్చిన తిక్కనకు, ఈ ద్రౌపది ఆ పాత్రకు కొనసాగింపే. అక్కడా ఇక్కడా ఆమె అడిగేది న్యాయం. అడగవలసిన చోట న్యాయం దొరకకపోవడం వల్ల అది ప్రతీకార రూపం దాలుస్తుంది. బాధితుల ఆగ్రహాన్ని కావ్యం తప్పుపట్టదు. ఆ ఆగ్రహమే రాజ్యనీతి కావాలా అన్నది మాత్రమే ప్రశ్నిస్తుంది.

భీముడు బయలుదేరిన వెంటనే కృష్ణుడు ఆందోళన చెందుతాడు. అశ్వత్థామ వద్ద బ్రహ్మశిరోస్త్రం ఉందని, తన చక్రాన్నే ఒకనాడు కోరి ఎత్తలేకపోయినవాడని గుర్తుచేస్తాడు. గంగాతీరంలో మునుల నడుమ కూర్చున్న అశ్వత్థామ దర్భపుల్లను మంత్రించి పాండవ నాశనానికై వదులుతాడు. అర్జునుడు అదే అస్త్రాన్ని ప్రయోగిస్తాడు. ప్రయోగవస్తువు ఒక్కటే, ప్రయోగవాక్యాలు వేరు. మూలంలో అర్జునుడు ముందు ఆచార్యపుత్రునికి, తర్వాత తనకూ సోదరులకూ శుభం కోరి, అస్త్రంతో అస్త్రం శమించాలంటాడు. అశ్వత్థామ కోరింది నాశనం. అర్జునుడు కోరింది నివారణ.

అయినా వ్యాస నారదులు రెండస్త్రాల మధ్య నిలుస్తారు. బ్రహ్మశిరస్సును బ్రహ్మశిరస్సుతో కొట్టిన దేశంలో పన్నెండేళ్లు వాన కురవదని వ్యాసుడు హెచ్చరిస్తాడు. ధర్మబద్ధమైన ప్రతిక్రియకు కూడా ఫలితం అనుభవించేది ఆ నేలమీది ప్రజలేనన్న మాట ఇది. సదుద్దేశం ఒక్కటే సరిపోతే మునులు అర్జునుణ్ణి ఆపవలసిన పని లేదు.

ఆఖరుకు మణి వచ్చింది, తల రాలేదు. భీముడు ఆ మణిని ద్రౌపది చేతికిచ్చి, వాని కీర్తి పడిపోయిందని, శరీరం మాత్రమే మిగిలిందని చెబుతాడు. ఆమె సమ్మతించి, దాన్ని రాజు శిరస్సున ధరించాలంటుంది. ఈ చివరి చర్య కీలకం. బాధితురాలు తన వ్యక్తిగత ప్రతీకార చిహ్నాన్ని రాజ్యానికి అప్పగించింది. శిక్ష ఆమె కోసమే జరిగినా, శిక్షాధికారం ఆమెది కాదు, రాజుది.

మరణశిక్ష ఎందుకు కాలేదన్న ప్రశ్నకు బ్రాహ్మణ్యం, గురుపుత్రత్వం అన్న సమాధానాలు పాఠంలోనే ఉన్నాయి. వర్ణం ఆధారంగా శిక్ష మారడం నేటి న్యాయదృష్టికి అంగీకారం కాదు; ఆ పరిమితిని దాచనక్కరలేదు. కాని కథలో మరో తర్కం కూడా పనిచేస్తున్నది. శిబిరంలో అడుగుపెట్టే ముందే అశ్వత్థామ శివుని ఎదుట తన శరీరాన్ని అగ్నికి ఆహుతిగా సమర్పించుకున్నాడు. చావుకు సిద్ధపడి వచ్చినవాణ్ణి చావుతో బెదిరించలేరు. అతడు భయపడే శిక్ష వేరు: తేజస్సు పోవడం, మూడు వేల ఏళ్లు ఒంటరిగా, పలకరించేవారు లేకుండా, చీమునెత్తురుల దుర్గంధంతో తిరగడం. వీరమరణాన్ని ఆశించినవాడికి కావ్యం దాన్ని దక్కనివ్వలేదు.

పోతన ద్రౌపది: క్షమ ఒక వాదం

భాగవతంలో కథ చిన్నది, తీక్ష్ణమైనది. ఇక్కడ సంహారం ద్రౌపదీసుతుల మీదికే కుదించబడింది. అర్జునుడు హంతకుని తల తెస్తానని శపథం చేసి, అతణ్ణి పట్టి, పశువును కట్టినట్టు కట్టి శిబిరానికి తెస్తాడు. దారిలో చంపమని కృష్ణుడు ప్రేరేపించినా చంపడు. బందీని బాధితురాలి ముందు నిలబెట్టడంతో రణరంగం ఒక విధమైన న్యాయసభగా మారుతుంది.

పోతన ద్రౌపది మాటలను కరుణరసానికి, భక్తురాలి ఔదార్యానికి ఉదాహరణగా ఉటంకించడం పరిపాటి. ఆమె ప్రసంగం ముందు అభియోగం, తర్వాత క్షమ అన్న సంగతి అందువల్ల మరుగున పడింది. ఆమె గురుపుత్రునికి నమస్కరించి అడిగే ప్రశ్నల సారం ఇది: ఆ పిల్లలు నీ మీదికి కోపంతో రాలేదు, ఆయుధం ధరించి లేరు, నీకు ద్రోహం తలపెట్టలేదు, చీకట్లో ఆదమరచి నిద్రపోతున్నారు, నీకు చేతులెలా ఆడాయి? శత్రుత్వం లేకపోవడం, ఆయుధం లేకపోవడం, అపరాధం లేకపోవడం, ఎరుక లేకపోవడం: సాధారణ హత్య నుంచి ఉగ్రహింసను వేరుచేసే లక్షణాలన్నీ ఆమె ఒక్కొక్కటిగా లెక్కించింది. ఉగ్రవాదంపై సమగ్ర అంతర్జాతీయ ఒడంబడిక ముసాయిదాను భారతదేశం 1996లో ఐక్యరాజ్యసమితి ముందుంచింది. నిర్వచనంపై ఏకాభిప్రాయం కుదరక అది నేటికీ ఆమోదం పొందలేదు. ఎవరు చేశారన్న చోట మొదలుపెడితే నిర్వచనం చిక్కుపడుతుంది. ఎవరికి జరిగిందన్న చోట మొదలుపెట్టిన ద్రౌపదికి ఆ చిక్కు లేదు.

అభియోగం పూర్తయ్యాకే ఆమె విడుదల కోరుతుంది. కారణం నిందితుని మంచితనం కాదు, అతని తల్లి కృపి. తాను ఏడుస్తున్నట్టు మరో తల్లి ఏడవకూడదన్న ఆమె మాటలో నేరానికి మినహాయింపు లేదు. నేరంలో భాగం లేనివారికి శిక్ష పాకకూడదన్న నియమం ఉంది. బాధ్యత హంతకుని దగ్గరే ఆగాలి. అతని ఇల్లు, కులం, మతం, ఊరు దాకా విస్తరించకూడదు.

ఈ క్షమను పోతన ఏకగ్రీవంగా నెగ్గించలేదు. ధర్మరాజాదులు సమ్మతించినా భీముడు చంపి తీరాలంటాడు; ద్రౌపది అడ్డుపడుతుంది. అప్పుడు కృష్ణుడు చతుర్భుజుడై రెండు చేతులతో భీముణ్ణి వారించి, మిగిలిన రెండు చేతులతో ద్రౌపదిని పక్కకు తప్పిస్తాడు. ఈ చిత్రాన్ని మహిమాప్రదర్శనగా చూడటం సులువు. నిజానికి ఇది ప్రతిక్రియాధర్మానికి రూపకల్పన. ఆగ్రహాన్ని పట్టే చేతులెన్నో, కరుణను పట్టే చేతులూ అన్నే. శిశుహంతకుడు శిక్షార్హుడు, బ్రహ్మబంధువు అవధ్యుడు అన్న రెండు శాసనాలనూ నిలపమని కృష్ణుడు అర్జునునికే వదిలిపెడతాడు. అర్జునుడు తల గొరిగి, మణి తీసుకుని, శిబిరం నుంచి వెళ్లగొడతాడు.

క్షమకు మూల్యం ఉంటుందనీ భాగవతం దాచలేదు. విడిచిపెట్టబడిన అశ్వత్థామ అస్త్రమే తర్వాత ఉత్తర గర్భాన్ని వెంటాడుతుంది. భీముని వాదం నిజమైందని ఆ క్షణంలో అనిపించక మానదు. గర్భస్థ శిశువును కృష్ణుడు రక్షించాడు గనుక కథ నిలిచింది. కనుక ఈ కావ్యం ఇచ్చే పాఠం ఉత్త క్షమ కాదు, కాపలా ఉన్న క్షమ. ద్రౌపది దయ ధర్మమే. ఆ దయ తర్వాత ఏమరుపాటు మాత్రం ధర్మరాజు చెప్పిన 'ప్రమాదమే'.

ఉపసంహారం: అస్త్రమూ, చట్టమూ

రెండు కథల్లోనూ అర్జునునికీ అశ్వత్థామకూ ఉన్న భేదం బలంలో లేదు. అస్త్రం ఒక్కటే, ఒకడు వెనక్కి తీసుకోగలడు, రెండోవాడికి చేతకాదు. భారతంలో ఉపసంహరించలేని అస్త్రం చివరకు గర్భాల మీదికి, అంటే ఇంకా పుట్టని భవిష్యత్తు మీదికి మళ్లింది. బలప్రయోగపు ధర్మాన్ని నిర్ణయించే గీటురాయి ఉపసంహార సామర్థ్యమే.

ఈ గీటురాయిని భారతదేశపు ఉగ్రవాద నిరోధక చట్టాలకు అన్వయించి చూడవచ్చు. 1985లో వచ్చి 1987లో పునర్నిర్మితమైన టాడా కాలపరిమితి గల చట్టం. పొడిగింపుల తర్వాత 1995 మేలో గడువు తీరి ముగిసింది. 2001 డిసెంబరు 13న పార్లమెంటుపై జరిగిన దాడి అనంతరం, 2002 మార్చిలో ఉభయసభల సంయుక్త సమావేశం ఆమోదించిన పోటాకు మూడేళ్ల పరిమితి ఉండేది. 2004లోనే అది రద్దయింది. పోలీసు అధికారి ముందు ఇచ్చిన నేరాంగీకారాన్ని సాక్ష్యంగా అనుమతించిన ఈ రెండు చట్టాలూ తీవ్ర విమర్శకు గురయ్యాయి. అయినా అవి, సూత్రప్రాయంగానైనా, వెనక్కి తీసుకోదగిన అస్త్రాలు. పోటా రద్దయిన 2004లోనే ఉగ్రవాదచర్యలకు సంబంధించిన అధ్యాయం 1967 నాటి చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టంలో చేరింది. ముంబయి దాడుల తర్వాత 2008 డిసెంబరులో చేసిన సవరణతో బెయిలు నిబంధనలు కఠినమయ్యాయి. ఈ చట్టానికి కాలపరిమితి లేదు. నేరాంగీకార నిబంధన అందులో లేకపోవడం మెరుగే. కాని అత్యవసర అధికారం నిత్యాధికారంగా మారినప్పుడు ఉపసంహారమంత్రం ఎవరికి గుర్తుంటుందన్న ప్రశ్న మిగులుతుంది.

తెలుగు నేలపై ఈ ప్రశ్నకు నెత్తుటి సాక్ష్యం ఉంది. హైదరాబాదులో 2007 మే 18న మక్కామసీదులో, ఆగస్టు 25న లుంబినీ పార్కులో, గోకుల్ చాట్ వద్ద పేలుళ్లు జరిగాయి. ప్రార్థనకు వచ్చినవారు, సాయంత్రం షికారుకు వచ్చినవారు, తినుబండారాల కోసం ఆగినవారు చనిపోయారు. ద్రౌపది లెక్కించిన లక్షణాలన్నీ వారికి వర్తిస్తాయి. ఆ నెలల్లో అరెస్టయిన పలువురు ముస్లిం యువకులు తర్వాత నిర్దోషులుగా తేలారు. మక్కామసీదు కేసులో విచారణను ఎదుర్కొన్న నిందితులను ప్రత్యేక న్యాయస్థానం 2018 ఏప్రిల్‌లో నిర్దోషులుగా ప్రకటించింది. అంటే ఆ మృతుల కుటుంబాలకు శిరస్సూ రాలేదు, మణీ రాలేదు. తొందరపాటు అరెస్టుల వల్ల ఎందరో కృపులు, కృపీమాతలు దుఃఖించారు. నిందితుడెవరో తేల్చలేని దర్యాప్తు వల్ల ద్రౌపదులకు న్యాయం అందలేదు. కఠినత్వం, న్యాయం ఒకటి కావనడానికి ఇంతకన్న నిదర్శనం అక్కరలేదు. దీనికి భిన్నంగా, ముంబయి దాడుల్లో ప్రాణాలతో పట్టుబడ్డవాడికి న్యాయవాదిని ఇచ్చి, బహిరంగ సాక్ష్యాలపై విచారించి, సుప్రీంకోర్టు దాకా అప్పీలుకు అవకాశమిచ్చి, ఆ తర్వాతే 2012లో శిక్ష అమలు చేశారు. మరణశిక్షపై భిన్నాభిప్రాయాలు ఉండవచ్చు. బందీని దారిలో చంపకుండా సభకు తెచ్చిన అర్జునుని పద్ధతి మాత్రం అక్కడ పాటించబడింది.

ముగింపు

శాంతిపర్వంలో భీష్ముడు పాలకునికి చెప్పిన రెండు ఉపమానాలు ఈ చర్చను సమన్వయిస్తాయి. రాజు వసంతకాలపు సూర్యునిలా ఉండాలి, అతిగా కాల్చకూడదు, అతిగా చల్లబడకూడదు. గర్భిణి తన ఇష్టాలను పక్కనపెట్టి గర్భస్థ శిశువు మేలు చూసుకున్నట్టు రాజు ప్రజల మేలు చూడాలి. అశ్వత్థామ చివరి లక్ష్యం గర్భం. భీష్ముని రాజుకు ఆదర్శం గర్భిణి. ఉగ్రహింస ఒక సమాజపు భవిష్యత్తును చంపాలనుకుంటుంది. రాజ్యం తన కోపాన్ని కూడా త్యజించి ఆ భవిష్యత్తును కాపాడాలి.

తిక్కన తెనిగించిన కథలో ప్రతీకారం హద్దుకు లోబడింది. పోతన చెప్పిన కథలో కరుణ కాపలాకు లోబడింది. ఎదురెదురు దారుల్లో బయలుదేరిన ఇద్దరు ద్రౌపదులూ చేరిన చోటు ఒక్కటే: నేరం స్పష్టంగా చెప్పాలి, శిక్ష నేరస్థునికే పరిమితం కావాలి, ఆయుధమూ తేజస్సూ హరించాలి, వీరమరణం దక్కనివ్వకూడదు, ప్రయోగించిన బలాన్ని వెనక్కి తీసుకోగలగాలి, ఏమరుపాటును ఒప్పుకోవాలి. వర్ణప్రాతిపదికపై నిలిచిన అవధ్యత్వం వంటి కాలపరిమితులను వదిలివేసినా ఈ నియమాలు నిలుస్తాయి. సౌప్తికఘట్టాన్ని కరుణ, రౌద్రరసాల కోణంలోనే కాక రాజనీతి పాఠంగానూ పరిశీలించవలసిన అవసరం ఉంది. పరీక్షిత్తు పుట్టేదాకా పాండవుల విజయం పూర్తి కాలేదన్న వాస్తవం అటువంటి పరిశీలనకు సరైన ప్రారంభం.